మత్తులో పడ్డ సోదరుణ్ణి షైతానుకు వదిలేద్దామా?

 



కొన్నేళ్ల క్రితం షాబాన్ నెల చివరి రోజుల్లో ఒక బయాన్ కోసం మేము పరవాడ వెళ్ళాము. అప్పటి విశాఖ జిల్లాలోని ఆ మండలం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఒకవైపు సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, మరోవైపు ఫార్మాసిటీ కంపెనీలు, వాటికి అవతల సముద్రం. ఇక్కడ పని దొరుకుతుందని మన సోదరులు గుంటూరు నుంచి, రాయలసీమ నుంచి, బీహార్, బెంగాల్ రాష్ట్రాల నుంచి కూడా వచ్చి ఉంటున్నారు. రాత్రి షిఫ్టులు, ఇరుకు గదులు, ఇంటికి దూరంగా బ్రతుకు. అలాంటి చోట మత్తు ఎంత తేలిగ్గా దారి చేసుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

బయాన్ ముగిశాక ఒక వృద్ధురాలు తన కొడుకును వెంటబెట్టుకొని మా దగ్గరికి వచ్చింది. ముప్పై అయిదేళ్ల మనిషి. తల ఎత్తలేదు. "మౌల్వీ సాబ్! వీడు పన్నెండేళ్ల నుంచీ తాగుతున్నాడు. రమజాన్ వస్తోంది. వీడిచేత తౌబా చేయించండి. మీ మాట వింటాడు" అని ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. మేము ఆ సోదరుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని నరకశిక్ష గురించి చెప్పాము, అల్లాహ్ కారుణ్యం గురించీ చెప్పాము. నెలవంక కనబడిన క్షణం నుంచి ఒక్క చుక్క కూడా ముట్టనని అతను మాట ఇచ్చాడు. ఎంతో సంతోషించాము. ఒక ఇల్లు బాగుపడిందని అల్హమ్దులిల్లాహ్ అనుకుంటూ తిరుగు ప్రయాణమయ్యాము.

అతను మాట నిలబెట్టుకున్నాడు. మొదటి రోజా ఉన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. రెండో రోజు సాయంత్రం ఇఫ్తార్ వేళ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మూడో రోజుకు గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేయసాగాడు. చనిపోయిన తండ్రి వాకిట్లో నిలబడి పిలుస్తున్నాడన్నాడు. ఇంట్లోవాళ్లు జిన్ను పట్టిందనుకున్నారు. ఎవరో ఆమిల్‌ను తెచ్చారు. గది తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేశారు. ఆ తల్లి మాకు ఫోను చేసింది. అప్పుడు మేమేం చేశాము? ఆయతుల్ కుర్సీ చదివి ఊదమని చెప్పాము. అంతకుమించి మాకేమీ తెలియదు.

అతణ్ణి కాపాడింది పక్కింటి హిందూ సోదరి. ఆమె ఒక ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, కేకలు విని, లోపలికి వచ్చి చూసి, వెంటనే 108కు ఫోను చేసింది. తర్వాత మేము నగరంలోని ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు గారు నెమ్మదిగా ఇలా అన్నారు: "మానమని చెప్పడం మంచిదే మౌల్వీ గారూ! కానీ పన్నెండేళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం పోవచ్చు. మానిపించే ముందు రోజు మా దగ్గరికి పంపి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

సోదరులారా! మదర్సాలో మద్యం గురించిన ఆయతులు, హదీసులు, ధర్మశాస్త్ర తీర్పులు అన్నీ చదువుకున్నాము. కానీ మద్యానికి బానిసైన మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో మేము ఎవర్నీ అడగలేదు, మాకెవరూ చెప్పలేదు. తెలియక మనం చేసే ఉపదేశం ఒక తల్లికి కడుపుకోత మిగిల్చే స్థితికి రాకూడదు. ఆ రోజు నేర్చుకున్నది మీ ముందు ఉంచడానికే ఈ నాలుగు మాటలు.

హరామ్ విషయంలో రాజీ లేదు

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పుకుందాం. వ్యసనం జబ్బు అన్నంత మాత్రాన మద్యం హలాల్ అయిపోదు. అల్ మాయిదా సూరా 90, 91 వాక్యాల్లో అల్లాహ్ మద్యాన్ని, జూదాన్ని షైతాను చేష్టల్లోని అసహ్యకరమైన వాటిగా పేర్కొని, వాటికి దూరంగా ఉండమని ఆజ్ఞాపించాడు. వాటి ద్వారా షైతాను మన మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రేపాలనీ, మనల్ని దైవస్మరణకు, నమాజుకు దూరం చేయాలనీ చూస్తాడని హెచ్చరించాడు. తాగుబోతు ఉన్న ఇంటిని చూసినవారికి ఈ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

మత్తు కలిగించే ప్రతిదీ మద్యమేనని, మద్యమంతా నిషిద్ధమేనని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (ముస్లిం). ఎక్కువ మోతాదులో మత్తెక్కించేది తక్కువ మోతాదులో కూడా హరామేనని బోధించారు (అబూదావూద్, తిర్మిజీ). కాబట్టి "మేము తాగడం లేదు, గంజాయే కదా", "ఇది మందుల షాపులో దొరికే మాత్రే కదా", "దగ్గు సిరప్పే కదా" అనే మాటలకు తావు లేదు. మన్యంలో పండి ఘాట్ రోడ్లు దిగి వచ్చే గంజాయి విశాఖ చుట్టుపక్కల ఎందరి చదువుల్ని మింగిందో మనకు తెలుసు. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో ఆ తోటల్ని నరికించారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మాదకద్రవ్యాల కట్టడికి 'ఈగల్' అనే ప్రత్యేక విభాగాన్ని పెట్టింది. గంజాయి అమ్మేవారి సమాచారం దానికి 1972 నంబరులో చెప్పవచ్చు.

మద్యం సంగతి సరేసరి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడపడుచులు సారాకు వ్యతిరేకంగా లేచి నిలబడితే, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానంతో 99 రూపాయలకే క్వార్టరు సీసా దొరికే రోజులు వచ్చాయి. ప్రభుత్వాలు మారతాయి, చట్టాలు మారతాయి. అల్లాహ్ ఆజ్ఞ మాత్రం మారదు.

మనిషిని ఎరిగినవాడి ధర్మం

అయితే ఆ ఆజ్ఞ ఎలా వచ్చిందో కూడా చూడాలి. మొదట మద్యంలో లాభం కన్నా పాపమే ఎక్కువని చెప్పడం జరిగింది (అల్ బఖరా: 219). తర్వాత మత్తులో ఉన్న స్థితిలో నమాజు దరిదాపులకు రావద్దన్నారు (అన్ నిసా: 43). అయిదు పూటల నమాజు మధ్య తాగే వ్యవధే లేకుండా పోయింది. మనసులు, శరీరాలు సిద్ధమయ్యాక చివరి ఆజ్ఞ అవతరించింది. ఆ వార్త వినబడినప్పుడు హజ్రత్ అనస్ (రజి) అబూ తల్హా (రజి) ఇంట్లో అతిథులకు పానీయం పోస్తున్నారు. వారు మరో గుక్క తాగలేదు. పాత్రలు ఒలకబోశారు. మదీనా వీధుల్లో మద్యం పారింది (బుఖారీ, ముస్లిం).

ఈ రోజు ధర్మం సంపూర్ణమై ఉంది. కాబట్టి "నేనూ మెల్లమెల్లగా మానేస్తాను, అందాకా తాగుతాను" అని ఎవరూ దీన్ని సాకుగా తీసుకోరాదు. కానీ ఇందులో మనకొక పాఠం ఉంది. మనిషిని సృష్టించినవాడికి మనిషి బలహీనత తెలుసు. ఆయన దాన్ని గమనించి దారి చూపాడు. మరి మనమెందుకు గమనించం?

మానిన మూడు రోజులు

డాక్టర్ల నుంచి మేము తెలుసుకున్నది మీకూ చెబుతున్నాము. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే, మొదటి రోజులోనే వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరికి మతి చలించినట్లవుతుంది. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఎక్కడున్నాడో తెలియదు. జ్వరం, గుండెదడ పెరుగుతాయి. ఈ స్థితిలో చికిత్స అందకపోతే ప్రాణాపాయం. అందితే కొద్ది రోజుల్లోనే కుదుటపడతాడు. మోతాదు రోజురోజుకూ తగ్గిస్తూ ఇచ్చే మందులు, బి1 విటమిను, ద్రవాలు, నిద్ర - వీటితోనే చాలామంది ఈ గండం దాటుతారు. నిద్రమాత్రలకు అలవాటు పడ్డవారికి కూడా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. గంజాయి మానినవారిలో ఇంతటి అపాయం సాధారణంగా ఉండదు. చిరాకు, నిద్రలేమి ఉంటాయి. కానీ గంజాయి వల్ల మతి చెడినవారికి తప్పక వైద్యం కావాలి.

ఇది పుస్తకాల్లో మాటే కాదు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై అధికారులు దాడులు చేసి అమ్మకం ఆపినప్పుడు, ఆ కల్లులో కలిపిన మత్తుమందులకు అలవాటు పడ్డ నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల జనం వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు వెల్లువలా వచ్చారు. అదే ఏడాది జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. దుకాణం మూసినంత మాత్రాన వ్యసనం మూతపడదని ఈ ఘటనలు చెబుతున్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. ప్రతి ఏటా రమజాన్ మొదటి రోజున మన బస్తీల్లో ఎంతమంది ఒక్కసారిగా మానేస్తారు? వారి సంకల్పం ఎంత గొప్పది! ఆ సంకల్పాన్ని మనం గౌరవించాలంటే షాబాన్‌లోనే వారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. మానవద్దని మేము చెప్పడం లేదు. మానే రోజు వైద్యుని సమక్షంలో మొదలు కావాలని చెబుతున్నాము.

జిన్ను అని గొలుసులు వేయకండి

జిన్నుల ఉనికిని మనం విశ్వసిస్తాము. ఖుర్ఆన్ పారాయణంలో స్వస్థత ఉందనీ విశ్వసిస్తాము. కానీ మద్యం మానిన మూడో రోజు పురుగులు కనబడటం జిన్ను పని కాదు, జబ్బు లక్షణం. దువా చేయండి, చదివి ఊదండి. అయితే 108కు ఫోను చేసి, వాహనం వచ్చేలోపు ఆ పని చేయండి. ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) ఒక పల్లెవాసికి నేర్పలేదా? (తిర్మిజీ). ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందును పంపాడు, కాబట్టి చికిత్స చేయించుకోమని వారు ఆదేశించలేదా? (అబూదావూద్, తిర్మిజీ).

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగింది మరచిపోకూడదు. అక్కడి దర్గాకు నయమవుతుందనే ఆశతో కుటుంబాలు తెచ్చి వదిలిన రోగుల్ని ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచారు. తెల్లవారుజామున పాకకు నిప్పంటుకుంటే 28 మంది కట్టుగుంజల దగ్గరే కాలిపోయారు. వారిని అక్కడ వదిలినవారంతా చెడ్డవాళ్లు కారు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్లు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మత్తు వ్యసనం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయి.

హజ్రత్ ఉమర్ (రజి) రాసిన ఉత్తరం

సిరియాకు చెందిన ఒక వీరుడు హజ్రత్ ఉమర్ (రజి) దగ్గరికి వస్తూ పోతూ ఉండేవాడు. కొంతకాలం కనబడలేదు. అతను తాగుడులో పడ్డాడని జనం చెప్పారు. ఉమర్ (రజి) ఎంత కఠినులో మనకు తెలుసు. వారు ఏం చేశారు? లేఖకుణ్ణి పిలిచి ఉత్తరం రాయించారు. సలాముతో మొదలుపెట్టి, ఆయన తప్ప వేరే ఆరాధ్యుడు లేని అల్లాహ్‌ను స్తుతించి, సూరా గాఫిర్ మొదటి వాక్యాలు రాయించారు. అల్లాహ్ పాపాల్ని క్షమించేవాడని, పశ్చాత్తాపాన్ని స్వీకరించేవాడని, కఠినంగా శిక్షించేవాడు కూడానని ఆ వాక్యాల భావం. తిట్టు లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆ పైన తమ చుట్టూ ఉన్నవారితో కలిసి అతని హృదయం మరలాలని దువా చేశారు. ఉత్తరం అందుకున్న ఆ మనిషి దాన్ని మళ్లీ మళ్లీ చదివి ఏడ్చి, తాగుడు వదిలేశాడు. ఆ సంగతి విన్న ఉమర్ (రజి), మీ సోదరుడు కాలు జారితే మీరూ ఇలాగే చేయండి, అతనికి వ్యతిరేకంగా షైతానుకు సహాయకులు కాకండి అని బోధించారు. తఫ్సీర్ ఇబ్నె కసీర్‌లో ఈ సంఘటన ఉంది.

ఇది ఉమర్ (రజి)కి ఎవరు నేర్పారు? దైవప్రవక్త (స) కాలంలో ఒక సహాబీ తాగిన నేరంపై పదే పదే శిక్షకు గురయ్యారు. ఒకసారి ఎవరో ఆయన్ని శపించారు. ప్రవక్త (స) వెంటనే వారించి, అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడని సాక్ష్యం ఇచ్చారు (బుఖారీ). గమనించండి: శిక్ష ఆగలేదు, ప్రేమా తెగలేదు. ఈ రెంటినీ కలిపి పట్టుకోవడమే సున్నత్. మనమేమో మొదటిదాన్ని మాటలతో పూర్తి చేసి, రెండోదాన్ని మరచిపోయాము.

ఎక్కడికి వెళ్ళాలి?

కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందిందని అందులో తేలింది. మిగిలిన 37 మందికి ఏమి అడ్డం వచ్చింది? ఒకరికి సిగ్గు, ఒకరికి ఖర్చు, ఒకరికి దూరం. పరవాడ వంటి చోట ఇంకో చిక్కు ఉంది. గాజువాక వెళ్ళి, అక్కడ బస్సు మారి నగరంలోకి వెళ్ళి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్లే. కనుక ముందే తెలుసుకొని బయలుదేరడం అవసరం.

మొదటి మెట్టు ఫోను. 14446 మత్తు విడుదల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైను. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. 14416 మానసిక ఆరోగ్య సలహా కోసం 2022లో మొదలైన టెలి మానస్. తెలుగులో మాట్లాడవచ్చు. పేరు బయటపడుతుందనే భయం ఉన్న ఆడవాళ్లు ఇంట్లో కూర్చొనే అడగవచ్చు.

రెండో మెట్టు దగ్గరలోని ప్రభుత్వ వైద్యుడు. మండలంలోని ఆరోగ్య కేంద్రంలో డాక్టరును కలిసి ఎన్నేళ్ల అలవాటు, రోజుకు ఎంత, ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్నది దాచకుండా చెప్పాలి. ఆ సమాధానాన్ని బట్టే ఇంటి దగ్గర మందులతో మాన్పించవచ్చా, ఆస్పత్రిలో ఉంచాలా అన్నది తేలుతుంది.

మూడో మెట్టు పెద్దాస్పత్రి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కింగ్ జార్జ్ ఆస్పత్రి ఉంది. "పిచ్చాస్పత్రికి వెళ్ళాడంటే పిల్లకు సంబంధాలు రావు" అనే మాట మేము ఎన్నోసార్లు విన్నాము. తాగి రోడ్డు మీద పడితే వచ్చే సంబంధం ఏమిటి?

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లలో మంచివీ ఉన్నాయి, కొట్టి బంధించేవీ ఉన్నాయి. చేర్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మానసిక ఆరోగ్య చట్టం కింద నమోదు అయిందా? డాక్టరు రోజూ చూస్తారా? ఇంటివాళ్లను కలవనిస్తారా? మొత్తం ఖర్చు రాసి ఇస్తారా? జవాబు దాటవేస్తే ఆ గడప దిగేయండి.

గంజాయి వాడే పిల్లల తల్లిదండ్రులు పోలీసు కేసుకు భయపడి దాస్తుంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స కోరితే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. చట్టం తెరిచి ఉంచిన తలుపును మన భయం మూసేయకూడదు.

అక్కాచెల్లెళ్లకు ఒక మాట

భర్త తాగుడుకు భార్యే కారణమని నిందించే అత్తమామలు అల్లాహ్‌కు భయపడాలి. ఒకరి భారం మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ నేర్పిన న్యాయం. అతను చేయి చేసుకుంటే ఓర్చుకొని పడి ఉండమని ధర్మం చెప్పదు. నీ ప్రాణం, నీ పిల్లల ప్రాణం కాపాడుకోవడం నీ బాధ్యత. పుట్టింటివారు తలుపు తీయాలి.

ఇంకొకటి. "తెలియకుండా అన్నంలో కలిపితే తాగుడు మానేస్తాడు" అని పొడులు, మాత్రలు అమ్ముతుంటారు. తాగితే ఒళ్లు తిరగబడేలా చేసే మందు వైద్యంలో ఉన్న మాట నిజమే. కానీ దాన్ని రోగికి చెప్పి, పరీక్షలు చేసి, డాక్టరు మాత్రమే ఇవ్వాలి. చెప్పకుండా కలిపితే, ఆ మనిషి తాగినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ప్రేమతో చేసిన పని హత్య కాకూడదు సోదరీ!

తరచూ అడిగే సందేహాలు

"తాగినవాడి నమాజు నలభై రోజులు స్వీకరించబడదట. అలాంటప్పుడు నమాజు దేనికి?" అని కొందరు అడుగుతారు. ఆ హదీసు ఉంది (తిర్మిజీ). అయితే తౌబా చేస్తే అల్లాహ్ స్వీకరిస్తాడని అందులోనే ఉంది. పుణ్యం దక్కదన్నది దాని భావమని, విధి మాత్రం మిగిలే ఉంటుందని ధర్మవేత్తలు వివరించారు. నమాజు వదలడం రెండో పాపం అవుతుంది. మత్తు దిగాక స్నానం చేసి సఫ్‌లో నిలబడమనండి. మస్జిద్ తలుపే అతనికి మిగిలిన తాడు, దాన్ని కోయకండి.

"మాన్పించడానికి డాక్టరు ఇచ్చే మాత్రల్లోనూ మత్తు ఉంటుందట కదా?" అని మరో సందేహం. మత్తు ఆనందం కోసం మింగడం వేరు, ప్రాణం నిలపడానికి వైద్యుడు కొలిచి ఇచ్చి, రోజురోజుకూ తగ్గించి ఆపేయడం వేరు. ఇది చికిత్స. ఇంకా సందేహం ఉంటే ముఫ్తీ గారిని అడగండి. అడిగేలోపు మాత్రం మందు ఆపకండి.

"చికిత్సలో రోజా?" రోగికి అల్లాహ్ సడలింపు ఇచ్చాడు (అల్ బఖరా: 184). డాక్టరు వద్దంటే రోజా వదిలి, కోలుకున్నాక ఖజా చేసుకోవాలి. ఆ సడలింపును తీసుకోవడం కూడా విధేయతే.

"జకాత్ ఇవ్వవచ్చా?" అతను హక్కుదారుడైన పేద ముస్లిం అయితే ఇవ్వవచ్చు. కానీ నగదు అతని చేతికి ఇవ్వకండి. అతని అనుమతితో ఆస్పత్రి బిల్లు కట్టండి, లేదా హక్కుదారురాలైన భార్య చేతికి ఇవ్వండి.

"తౌబా చేసి మళ్లీ తాగాడు. ఇక వాడు బాగుపడడు." ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. వ్యసనం తిరగబెట్టే జబ్బు. ఒకసారి పడటం చికిత్స ముగిసిందని కాదు, మళ్లీ అందుకోవాలని అర్థం. తౌబా తలుపు కూడా ఒక్కసారికే తెరుచుకునేది కాదు. తమ ఆత్మలకు అన్యాయం చేసుకున్న దాసుల్ని సైతం తన కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దన్నాడు అల్లాహ్ (అజ్ జుమర్: 53). ఆయన నిరాశపడవద్దంటుంటే, నిరాశపరచడానికి మనమెవరం?

మస్జిద్ కమిటీలు చేయగల పని

వంద హత్యలు చేసి పశ్చాత్తాపపడిన మనిషికి ఒక పండితుడు ఇచ్చిన సలహా గుర్తుందా? నీ ఊరు చెడ్డది, మంచివాళ్లున్న ఊరికి వెళ్ళి వారితో కలిసి అల్లాహ్‌ను ఆరాధించమన్నాడు (బుఖారీ, ముస్లిం). అంటే తౌబాతో పాటు స్నేహాలూ మారాలి. ఆస్పత్రి నుంచి వచ్చినవాడు మళ్లీ అదే గదికి, అదే నలుగురి మధ్యకు వెళ్తే ఎన్నాళ్లు నిలుస్తాడు? అతనికి వేరే గది చూడటం, షిఫ్టు దిగే వేళ ఒకరు వెంట ఉండటం, జీతం రోజున తోడు వెళ్ళడం - ఇవి పెద్ద ఖర్చు లేని పనులు. అమెరికాలో కొందరు ముస్లిములు 1989లో 'మిల్లతీ ఇస్లామీ' పేరుతో మత్తు నుంచి బయటపడ్డవారు ఒకరికొకరు తోడుండే బృందం మొదలుపెట్టారు. మన మస్జిద్‌లో ఇషా తర్వాత వారానికోసారి ఒక చాప వేసి ఆ నలుగుర్నీ కూర్చోబెట్టలేమా?

ప్రతి షాబాన్‌లో ఒక జుమా ఖుత్బా ఈ విషయంపై ఉండనివ్వండి. హెల్ప్‌లైను నంబర్లు వుజూ ఖానా దగ్గర గోడ మీద రాయించండి. ఒక డాక్టరును పిలిచి మాట్లాడించండి. ఆయన ఏ మతం వాడైనా సరే. విన్నవారి పరువు దాచండి. సోదరుని లోపాన్ని కప్పినవాని లోపాన్ని ప్రళయదినాన అల్లాహ్ కప్పుతాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం).

పరవాడ సోదరుని సంగతి చెప్పి ముగిస్తాము. అతను ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చాడు. ఏడు నెలలు నిలిచాడు. తర్వాత ఒక పెళ్లిలో మళ్లీ పడ్డాడు. ఈసారి తల్లి మాకు ఫోను చేయలేదు. ముందు డాక్టరుకు చేసి, తర్వాత మాకు చెప్పింది. అప్పటి నుంచి అతను మందు వాడుతున్నాడు, నెలనెలా నగరం వెళ్ళి వస్తున్నాడు. క్రితం రమజాన్‌లో తరావీహ్‌లో వెనక సఫ్‌లో అతణ్ణి చూశాము. నమాజు అయ్యాక ముసాఫహాకు చేయి చాచాడు. ఆ చేయి వణకలేదు. ముందు మా కళ్లే చెమర్చాయి.

ఓ అల్లాహ్! మత్తులో చిక్కిన మా సోదరులకు విడుదల ప్రసాదించు. వారి తల్లుల కన్నీళ్లు తుడువు. వారికి వైద్యం చేసే చేతులకు, ఏ ఇంటివారైనా సరే, మేలు ప్రసాదించు. తెలియక మేము చేసిన పొరపాట్లను మన్నించు. పడిపోయినవాణ్ణి లేపే చేయిగా మమ్మల్ని చేయి, తోసే చేయిగా చేయకు. ఆమీన్.